సఫిల్‌గూడ గేటు, ఎనభై ఏడో వంతు

రోడ్డు నల్లగా ఉండదు.
ఈ సంగతి తెలియడానికి
రోడ్ల శాఖలో ముప్పై ఒక్కేళ్లు చాలలేదు నాకు.
రిటైరయ్యాక, డాబా మీద రేకుల గదిలో
ఒక ప్లైవుడ్ చెక్క కావాల్సి వచ్చింది.

మొదటిసారి నల్లరంగే పూశాను.
అచ్చం పలకలా వచ్చింది.
దాని పక్కన నా ఇంజను
తిరునాళ్లలో కొన్న బొమ్మైపోయింది.
గీకేశాను.

మర్నాడు గేటు దగ్గర, మిట్టమధ్యాహ్నం,
పనిలేనివాడిలా నిలబడి చూశాను.
నీళ్లు చల్లి ఆర్పిన పొయ్యి రంగు.
చక్రాలు పోయే రెండు చాళ్లలో కాస్త మెరుపు.
గేటు పడ్డంతసేపూ ఆటోలు ఆగి ఆగి
చుక్క మీద చుక్క కారిన నూనె,
అక్కడ మాత్రమే నలుపు.

పక్కింటి కట్టుబడి దగ్గర అడిగి తెచ్చుకున్న ఇసుక,
టీ జల్లెడలో మూడుసార్లు.
ప్లాస్టర్, ఫెవికాల్, అగరుబత్తీల బూడిద,
మా ఆవిడ ఇంకా వెతుకుతున్న కుట్టుసూది.
సూదితోనే పగుళ్లు గీస్తాను.
పగులు సూటిగా పోదు,
తప్పు చేసినవాడి జవాబులా
తిరిగి తిరిగి ఎక్కడో తేలుతుంది.
చొక్కా గుండీ మ్యాన్‌హోల్ మూత.
వెంట్రుకవాసి ఎత్తుగానే అతికించాను,
మట్టంగా ఉన్నదాన్ని ఎప్పుడు చూశాను గనక!
నల్లా పైపుకోసం తవ్వి పూడ్చిన అడ్డగీత,
దాన్ని దాటుతూ కేబులు వాళ్ల అడ్డగీత,
రెండింటికీ రెండు బూడిదలు.

"మందం సరిపోయింది" అని
కొలతల పుస్తకంలో రాసి సంతకం పెట్టేవాణ్ణి,
సరిపోని చోట కూడా.
మొదటి వానకే లేచిపోయిన కంకర
నా సంతకం కన్నా నిజం చెప్పేది.
ఇప్పుడు ఒక్క గుంత తవ్వడానికి
ఒక పూట పడుతోంది.
దీనికి బిల్లు పెట్టేవాడు లేడు.

అంజిలమ్మ మక్కకంకి ఇవ్వడానికి మెట్లెక్కి వచ్చింది.
గేటు పక్కన బొగ్గుల మీద కంకులు కాలుస్తుందిప్పుడు.
అప్పట్లో పాలమూరు గ్యాంగులో, డాంబరు డబ్బా దగ్గర.
"గిది మన గేటే గద సారూ" అంది,
ముక్కు ఆనేంత దగ్గరికి వంగి.
"గుంత నడిమిట్ల వెట్టినవేంది?
నీళ్లు పక్కపొంటి నుంచి వస్తయ్.
అంచును ముందు తింటయ్,
గప్పుడు లోపలికి వస్తయ్."
ఇంజనీర్ని. నోరు మూసుకుని విన్నాను.
"మేం డాంబరు కాగవెట్టిన జాగ యాదికున్నదా?
ఎండకు గాడ ఇప్పటికీ మెత్తగుంటది."
ఎక్కడ, అన్నాను.
"గీడ" అని బొటనవేలు పెట్టింది.

ప్లాస్టర్ ఇంకా తడి.
"అయ్యో, ఖరాబైంది" అని
వేలు కొంగుకి తుడుచుకుంది.

ఎనభై ఏడో వంతులో ఒక బొటనవేలంటే
ఆటో మొత్తం పట్టేంత గుంత.
అడుగున సుడి తిరిగిన గీతలు.
ఆ గీతల్ని నేను ఎరుగుదును.
ప్రతి శనివారం మస్టరు రోలు మీద
ఊదా సిరాలో పడేవి,
ఆరు రోజుల పనికి
నాలుగని నేను రాసిన అంకె పక్కనే.

కంకికి డబ్బులిస్తే తీసుకోలేదు.
"రాసుకో సారూ,
నీకు రాసుడు అలవాటే గద" అంది,
నవ్విందో లేదో చూసేలోపు
మెట్లు దిగిపోయింది.

గరుకు కాగితం చేతిలోకి తీసుకున్నాను.
కాసేపటికి కింద పెట్టాను.
కంకి చల్లారింది. రాత్రికి ప్లాస్టర్ ఆరింది.

బూడిద కలిపిన నీళ్లు
కుంచె కొసతో గుంత పక్కన ఒక చుక్క వేశాను.
కదలకుండా నిలబడి, ఆలోచించుకున్నట్టు ఆగి,
అంచు నుంచే
లోపలికి వచ్చాయి.